కొన కొయ్యని పోగు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, "అవ్వా, ఇదేందో చెప్పు చూద్దాం" అంది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. నల్లటి తెర మీద రంగురంగుల గడులు గొలుసు కట్టి ఒక స్తంభం చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి. ఒక పక్క మాత్రం ఆ గొలుసు స్తంభాన్ని వదిలి బయటికి మడతలాగా వచ్చి, మళ్ళీ లోపలికి పోతోంది.

"మూలకాల ఆవర్తన పట్టిక," అన్నాను. "కుచ్చిళ్ళు పెట్టింది."

అది పకపకా నవ్వింది. "కుచ్చిళ్ళేంది అవ్వా? ఇది త్రీడీ మోడల్. కొత్తగా వచ్చింది."

కొత్తగా వచ్చిందట! ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని, నాకు రోషం రాదా? అలాంటిదాన్ని నా చిన్నప్పుడే మా నాయన, అమ్మ, అవ్వ, నేను కలిసి మా నడవలో కూర్చుని కట్టామని చెబితే, "ఊరికే కోతలు కొయ్యద్దు" అనేసి అది తన గదిలోకి పోయింది. కోతలు కాదు. బీరువా మీద పాత చీరలో చుట్టి పెట్టిన వస్తువే దానికి సాక్ష్యం. దించడానికి నా మోకాళ్ళు సహకరించవు కాబట్టి ముందు రాసి పెడుతున్నాను.

మాది ధర్మవరం పట్టు నేసే ఇల్లు. మనుషుల కంటే మగ్గానికే అందులో ఎక్కువ చోటు. గడప దాటగానే ఎడమ పక్క గుంట మగ్గం, గుంటలో కాళ్ళు పెట్టుకుని మా నాయన. కుడి పక్క నడవలో వెదురు చట్రం. ఈ చట్రం సంగతి ఇప్పుడే చెప్పాలి. రెండు చక్రాల నడుమ ఎనిమిది వెదురు బద్దలు నిలువుగా కట్టి, మధ్యలో ఒక కర్ర దూర్చి ఉంటుంది. రంగు వేసి తెచ్చిన పట్టు లడిని, అంటే పోగుల కట్టను, దాని మీద తొడిగి కొన పట్టుకుని లాగితే, అది గిరగిరా తిరుగుతూ పోగు వదులుతుంది. ఆ పోగును కండెలకు, అంటే మగ్గానికి అందించే చిన్న గొట్టాలకు, చుట్టడం నా పని. పొద్దున బడికి పోయే ముందు కొన్ని కండెలు, సాయంత్రం వచ్చినాక కొన్ని.

సబ్బు, సోడా వేసి ఉడికించిన పట్టుకు ఒక వాసన ఉంటుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఈ వయసులో కూడా ఆ వాసన తగిలితే ఆకలి వేస్తుంది. ఎందుకంటే మా తిండి కూడా ఆ నడవలోనే. రాగి సంగటి ముద్ద, నడుమ గుంట చేసి పోసిన పప్పుచారు, పక్కన వేయించిన చెనిక్కాయలూ, అంటే వేరుశనగలూ, మిరపకాయలూ కలిపి రోట్లో నూరిన ఊరిబిండి. నూరుతున్నప్పుడు అమ్మ కన్ను గప్పి వేయించిన చెనిక్కాయలు గుప్పెడు లంగా జేబులో వేసుకునేదాన్ని. నడిస్తే గలగలమనేవి. అమ్మకు తెలియదనుకోవడం నా అమాయకత్వం.

అవ్వ, అంటే నాయన తల్లి, పడుగులు అతకడంలో మా వీధికే పెద్ద. చీరలు నేసి నేసి మగ్గం మీది నిలువు పోగులు, అంటే పడుగు, అయిపోవస్తాయి. అప్పుడు దాన్ని మొదలంటా తీసెయ్యరు. పోగులు దూర్చే దువ్వెన లాంటి అచ్చులోనే మూరెడు తోక మిగులుస్తారు. కొత్త పడుగులో ఉన్న వేల పోగులను ఒక్కొక్కటిగా ఆ తోక పోగులకు చేర్చి, బూడిద రాసుకున్న వేళ్ళతో పురి పెడతారు. అవ్వకు కళ్ళు సరిగా కనబడేవి కావు. అయినా ఆమె అతికిన పోగు ఊడింది నేను చూడలేదు.

ఆ ఏడు నాయన రెండో మగ్గానికి కొయ్య తెప్పించాడు. దాంతో నా చదువుకు గండం వచ్చి పడింది. పరీక్షలు కాగానే నేను బడి మానాలి. రెండు మగ్గాలకు కండెలు చుట్టేదెవరు మరి? నాయన ఈ మాట కోపంగా అనలేదు. సంగటి తింటూ, "ఎండాకాలం నుంచి ఇంట్లోనే ఉండు పాపా, పని ఎక్కువైతాది" అన్నాడు, అంతే. నేను ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచాను. బడిలో నాకు నచ్చినవి రెండే ఉండేవి, ఒకటి సైన్సు, రెండోది సైన్సు చెప్పే టీచరమ్మ.

టీచరమ్మ కదిరి నుంచి వచ్చిన క్రైస్తవుల మనిషి. తెల్ల నూలు చీర, మోచేతుల దాకా రవిక, చేతిలో ఎప్పుడూ సుద్దముక్క. ఒకరోజు గోడ మీది ఆవర్తన పట్టికను చూపించి, "ఈ పటంలో ఒక అబద్ధముంది, ఎవరు కనుక్కుంటారు?" అని అడిగింది. మేం గుడ్లప్పగించి చూశాం.

"మూలకాలన్నీ ఒకే వరస పిల్లలూ. ఒకటి, రెండు, మూడు అని తెగకుండా పోతాయి. కొంత దూరం పోయినాక మొదటి దాని గుణమే మళ్ళీ వస్తుంది. కాగితం చదునుగా ఉంది కాబట్టి, ఆ వరసను తెంపి తెంపి కింద కింద పేర్చినాం. నిజానికి అది యాడా తెగలేదు. నూరేండ్ల కిందటే ఒక దొర దాన్ని గొట్టం చుట్టూ చుట్టి చూపించినాడంట."

తెగని వరస, చుట్టూ చుట్టడం! నా మనసులో మా వెదురు చట్రం గిర్రున తిరిగింది. చెయ్యి ఎత్తేశాను. "మా ఇంట్లో చుట్టేదుంది టీచర్. నేను చేసుకొస్తా." అనంతపురంలో బడిపిల్లల సైన్సు ఎగ్జిబిషన్ పది రోజుల్లో ఉంది. టీచరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "బాగా చేస్తే నిన్ను పిలుచుకుపోతా. మీ నాయనను కూడా రమ్మను, ఆయనతో మాట్లాడేది ఉండాది" అంది. బడి మానే సంగతి ఆమెకు అప్పటికే ఎవరో చేరవేసినట్టున్నారు.

అదృష్టమో దురదృష్టమో, అప్పుడు మా చట్రం ఖాళీగానే ఉంది. వానలు లేక బావులు అడుగంటి, రంగులు వేసే ఆయన నీళ్ళు లేవని మా పట్టును ఆపేశాడు. నాయన ఖాళీ మగ్గం ముందు కూర్చుని బీడీ మీద బీడీ కాల్చేవాడు.

నేను తెల్ల నూలు దారం తీసుకున్నాను. పట్టు తుక్కు డబ్బాలో నుంచి రంగు పోగులు దొంగిలించి, ఒక్కో మూలకానికి ఒక్కో ముడి వేసి, ముడికి అంకె రాసిన అట్ట ముక్క కట్టాను. ఒకే గుణమున్న వాటికి ఒకే రంగు. నీళ్ళలో వేస్తే భగ్గుమనే సోడియం లాంటివన్నీ ఎరుపు. ఎవరితోనూ కలవని వాయువులు తెలుపు. టీచరమ్మ పుస్తకంలో నూట రెండే ఉన్నాయి. ఇంకొకటి దొరికిందని పేపర్లో పడిందని చెప్పి, ఆమె నూట మూడుదాకా రాసిచ్చింది. దారాన్ని చట్రం మీద పైనుంచి కిందికి చుట్టుకుంటూ పోతే ఒక్కో బద్ద మీద ఒక్కో రంగు నిలువుగా దిగాలి. అదీ నా లెక్క.

మొదటి చుట్టులో రెండే మూలకాలు. ఒకటి మొదటి బద్ద మీద, రెండోది ఎనిమిదో బద్ద మీద. నడుమ ఆరు బద్దలు బోసి. అవ్వ చేత్తో తడిమి, "ఏం పాపా, మొదట్లోనే ఆరు పోగులు తెగిపోయినాయే! ఎవురు నేసినారు దీన్ని?" అంది.

"అవి లేవవ్వా. దేవుడే పెట్టలేదు."

"అయితే ఆయప్ప గూడా మీ నాయన లాంటోడే, పోగులు ఇడిసి నేస్తాడు," అని అవ్వ నిట్టూర్చింది. నాయన వినబడనట్టు ఇంకో బీడీ ముట్టించాడు.

తర్వాత రెండు చుట్లు ఎనిమిదేసి. ఎనిమిది బద్దలకు సరిగ్గా సరిపోయాయి. మొదటి బద్ద మీద ఎరుపు కింద ఎరుపు, ఎరుపు కింద ఎరుపు. నేను చప్పట్లు కొట్టాను. నాలుగో చుట్టు నుంచి కథ అడ్డం తిరిగింది. అక్కడ పద్దెనిమిది ఉన్నాయి. ఎనిమిది బద్దల మీద పద్దెనిమిది పడితే తర్వాతి ఎరుపు వచ్చి మూడో బద్ద మీద కూర్చుంది. దాని తర్వాతది ఐదో బద్ద మీద. రంగులన్నీ కలగాపులగమైపోయాయి. నాకు ఏడుపొచ్చి చట్రాన్ని అలాగే వదిలేసి బడికి పోయాను.

ఆరోజు నాయన చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం వచ్చేసరికి చట్రం మీద రంగులన్నీ బద్ద బద్దకూ నిలువుగా, గీత గీసినట్టు దిగి ఉన్నాయి. నాయన మీసం దువ్వుకుంటున్నాడు.

"అంచు పక్కకు జారిపోయింటే నా కండ్లు ఊరుకోలేదు పాపా. నువ్వు యాడనో లెక్క తప్పి, పది పది ఎక్కువ ఏసినావు. కిందికి పోతే ఇంగా ఎక్కువ. అన్నీ కోసి, తిరగా అతికినా. ఇప్పుడు చూడు, ఎట్లుండాదో!"

నేత తెలిసినవాడికి ఎదురుగా అంచు జారితే, అదనంగా పడిన పోగులు తీసేసి సరిచెయ్యడమే తెలుసు. అతుకు ఎక్కడుందో కూడా కనబడలేదు. కోసిన ముళ్ళన్నీ ఒక చేటలో పడి ఉన్నాయి. అట్ట ముక్కల మీది అంకెలు చూశాను. 

"నాయనా, ఇనుము పోయింది. రాగి పోయింది. ఇదిగో ఇది వెండి, ఇది బంగారు. ఇవి లేకుంటే జరీ యాడనుంచి వస్తాది నాయనా?"

నాయన మీసం మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. చేటలోకి వంగి ఆ రెండు ముళ్ళనూ వేలితో తిప్పి చూశాడు. "బంగారు గూడా దీంట్లోదేనా?" అన్నాడు. అంతసేపూ ఆయన దాన్ని నా ఆటవస్తువు అనుకుంటున్నాడు. ఆ పూట ఆయన బీడీ కాల్చలేదు. చీకటి పడకముందే దీపం పెట్టించి, ఒకటొకటిగా ముళ్ళన్నీ వాటి చోట్లలో మళ్ళీ అతికాడు. నేను అంకెలు చదువుతుంటే ఆయన పురి పెట్టాడు. అలా అంకెలు చదువుతూనే ఏది ఏమిటో చెప్పాను. ఇది మన బిందెలోది, ఇది దీపం గాజులోది, ఇది ఎముకల్లోది. నాయన ఒక్కోదానికీ, "ఓహో" అన్నాడు. నా చదువు గురించి నాయన అన్నేసి మాటలు వినడం అదే మొదలు.

అతకడమైతే అయింది గానీ చిక్కు చిక్కుగానే ఉంది. తెల్లారితే ఎగ్జిబిషన్‌కు రెండే రోజులు. పొద్దున్నే నాయన చట్రం ముందు గొంతుక్కూర్చుని, "కింద చక్రం పెద్దది చెయ్యల్ల పాపా. పైన ఎనిమిది, కింద పద్దెనిమిది, ఆ కింద ముప్పై రెండు. గంప బోర్లించినట్ల" అన్నాడు. అలా చేస్తే ఎరుపు కింద ఎరుపు వస్తుంది గానీ నడుమ రంగులు మళ్ళీ జారిపోతాయి. ఇద్దరం తలలు పట్టుకున్నాం.

అమ్మ అప్పుడే నీళ్ళు పోసుకుని వచ్చి, తలుపు చాటున చీర కట్టుకుంటోంది. మా మాటలు మూడు రోజులుగా వినీ వినీ విసిగిపోయినట్టుంది. కుచ్చిళ్ళు వేళ్ళ మధ్య పెట్టుకునే బయటికి వచ్చి, "ఏమప్పా నువ్వు! చీర గజాలు ఎక్కువైతే నడుము లావు చేసుకుంటామా? కుచ్చిళ్ళు ఎక్కువ పెట్టుకుంటాం. మిగిలిందంతా ముందర మడిచి దోపుకుంటే చుట్టు చుట్టు మాదిరే ఉంటాది" అంది. అని కుచ్చిళ్ళు దోపుకుని, బిందె తీసుకుని బావికి పోయింది.

నేనూ నాయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతే కదా! రెండో బద్ద దాటినాక దారాన్ని బయటికి లాగి, అదనంగా ఉన్న పదింటినీ ఒక కుచ్చిలిలాగా మడిచి, మళ్ళీ మూడో బద్దకు తెచ్చి కలిపితే సరి. ముప్పై రెండు ఉన్న చుట్లలో ఆ కుచ్చిలి లోపలే ఇంకో చిన్న కుచ్చిలి, పద్నాలుగింటిది. నాయన సన్న వెదురు పుల్లలు చీల్చి, నిప్పు సెగకు వంచి, చట్రానికి ముందు పక్క కట్టాడు. సాయంత్రానికి ఎనిమిది బద్దల మీద ఎనిమిది రంగులు తొణక్కుండా దిగాయి. ఇనుమూ రాగీ వెండీ బంగారూ కుచ్చిళ్ళలో కుదురుగా కూర్చున్నాయి. అమ్మ నీళ్ళబిందె దించి చూసి, "ఇప్పుడు బాగుండాది" అని వంటింట్లోకి పోయింది. తను ఏం కనిపెట్టిందో ఆమెకు తెలియదు. పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ఆ అదనపు మూలకాలను ఇలాగే పక్కకు తీసి పెడతారని నాకు కూడా కాలేజీలో చేరినాకే సరిగ్గా తెలిసింది.

నూట మూడో ముడి చిన్న కుచ్చిలి చివర పడింది. దాని తర్వాత దారం మూరెడు వేలాడుతోంది. నేను కత్తెర తెచ్చాను. అవ్వ ఎలా పసిగట్టిందో, చేతి మీద చటుక్కున ఒకటి వేసింది.

"కొన కొయ్యొద్దు! పడుగు కొన కోసే ఇల్లు బాగుపడతాదా? రేపు కొత్తది వస్తే దేనికి అతుకుతావు?"

బస్సులో ఆ చట్రాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను, పక్కన నాయన, ముందు సీట్లో టీచరమ్మ. ఎక్కినవాళ్ళంతా, "ఏమన్నా, యాడికి పోతాండావు, చట్రానికి జడేసి?" అని నాయనను ఆటపట్టించారు. ఇంకోరోజైతే ఆయన సిగ్గుపడేవాడు. ఆరోజు మాత్రం, "దీంట్లో బంగారుండాది, యాడుందో చెప్పు చూద్దాం" అని ఎదురు అడిగాడు.

ఎగ్జిబిషన్‌లో మా పక్కన కణేకల్ వైపు బడి పిల్లలు డ్యాము మోడల్ పెట్టారు. తలుపు ఎత్తితే నిజం నీళ్ళు కాలవలో పారేవి. జనమంతా అక్కడే. ఒక ముసలాయన అందులో వేళ్ళు ముంచి కళ్ళకు అద్దుకున్నాడు. ప్రైజు దానికి కాక ఇంక దేనికొస్తుంది, మా కరువు జిల్లాలో?

మార్కులు వేసే ఆఫీసరుగారు ఆఖరున మా బల్ల దగ్గరికొచ్చారు. నేను చెప్పినదంతా విన్నారు. చట్రాన్ని ఒకసారి తిప్పారు. తర్వాత వేలాడుతున్న దారాన్ని పెన్సిలుతో ఎత్తి, "ఇదేమిటమ్మా, పూర్తి చెయ్యకుండానే పట్టుకొచ్చేశావా?" అన్నారు.   ఈ ఒక్క మాటతో నా బడి అయిపోయింది అనుకున్నాను. టీచరమ్మ ముందుకు రాబోయింది. అంతలో నా వెనక నుంచి నాయన గొంతు వినబడింది. ఆఫీసర్లతో ఎప్పుడూ మాట్లాడి ఎరుగడు ఆయన. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని మాట్లాడాడు.

"అది అయిపోలేదు సార్. అయిపోదు గూడా. ఇంగా కొత్తవి దొరుకుతాయని టీచరమ్మ చెప్పినాది. దొరికినాక యాడ కట్టల్ల మరి? మా ఇండ్లల్లో పడుగు కొన కొయ్యం సార్. ఆడనుంచే కొత్తది అతుకుతాం."

ఆఫీసరుగారు దారాన్ని మెల్లగా వదిలి, కాగితం మీద ఏదో రాసుకుని, డ్యాము వైపు నడిచారు. మాకు ప్రైజేమీ రాలేదు. టీచరమ్మ నాయనతో మాట్లాడాల్సింది ఆ ఆవరణలోనే, వేపచెట్టు కింద మాట్లాడింది. నాయన తల వంచుకుని విన్నాడు.

తిరుగు బస్సు బత్తలపల్లెలో ఆగింది. నాయన దిగిపోయి కాగితం పొట్లంలో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. నానిన బొరుగుల్లో తిరగవాత, పుట్నాలపొడి, వేడి వేడి బజ్జీ వాసన. బజ్జీ కారానికి నా కళ్ళు కారుతున్నాయి. కారానికేనో కాదో నేను చెప్పలేను. నాయన కిటికీలోంచి బీడు చేలను చూస్తూ, నాతో కాదన్నట్టు అన్నాడు.

"పైయేటికి ఏం పుస్తకాలు గావల్లో టీచరమ్మతో రాయించుకో. రెండో మగ్గానికి కండెలు నేనూ మీయమ్మా చుట్టుకుంటాంలే. అంతమంది ముందర కొన కొయ్యం అని చెప్పి, ఇంట్లో నీ చదువు ఎట్ల కొయ్యల్ల?"

 ఉగ్గాని పొట్లం ఆయన ముందుకు జరిపాను.

ఆ చట్రం మళ్ళీ పనిలోకి రాలేదు. విప్పమంటే నాయన ఒప్పుకోలేదు. "దానికి చదువొచ్చింది, ఇంగ కండెలు చుట్టదు" అని నవ్వి, మగ్గం పైన దూలానికి వేలాడదీశాడు. ఆయన వేరే చట్రం కట్టుకున్నాడు. నేను చదివాను, ఉద్యోగం వచ్చి ఊరు వదిలాను. కొత్త మూలకం దొరికిందని పేపర్లో పడినప్పుడల్లా ఇంటికి జాబు రాసేదాన్ని. నాయన నిచ్చెన వేసుకుని ఆ దారానికి ముడి వేసేవాడు. "నీ జాబు అందింది, ముడి వేసినాను" అని ఎవరిచేతనో రాయించేవాడు. అలా ఎనిమిది ముళ్ళు వేశాడు. ఆయన పోయినాక చట్రం నా దగ్గరికి వచ్చింది. తర్వాతి ఆరూ నేను వేశాను. ఆఖరిది, నూటపద్దెనిమిది, దొరికి చాలా ఏళ్ళే అయింది. దాన్ని కట్టడానికి మాత్రం ఎందుకో నాకు చెయ్యి రాలేదు. ఏడో చుట్టు నిండిపోతుంది. నాయనా నేనూ కలిసి చేస్తున్న పని నిండిపోతుంది. అదీ నా బాధ.

ఇంతవరకు రాసి, నిన్న మనవరాలిని పిలిచి బీరువా మీదిది దింపించాను. దాని ఎదురుగానే చీర విప్పాను. ఎరుపు వెలిసి ఇటుక రంగయింది. బద్దలు రెండింటిని పురుగు తొలిచింది. అయినా తిప్పితే తిరిగింది. మనవరాలు ఫోను పక్కన పెట్టి, గడి గడికీ ముడి ముడికీ పోల్చి చూసుకుంది. కుచ్చిలి, కుచ్చిలిలో కుచ్చిలి, అన్నీ సరిపోయాయి.

"ఒకటి తక్కువుంది అవ్వా."

"నువ్వు కట్టు," అన్నాను.

తెల్ల పోగుతో ముడి వేయడం నేర్పించాను. మూడుసార్లు ఊడింది, నాలుగోసారి నిలిచింది. ఎనిమిదో బద్ద మీద, పైనుంచి దిగిన తెల్ల ముళ్ళన్నిటి కిందా అది బుద్ధిగా కూర్చుంది. తర్వాత ఇంకో జానెడు దారం మిగిలి వేలాడుతోంది. మూరెడు అనుకుని నాయన ఎంత వదిలాడో, ఏ లెక్కన వదిలాడో!

"అయిపోయింది కదా," అంటూ మనవరాలు కత్తెర అందుకుంది. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచి, దాని చేతి మీద చటుక్కున ఒకటి వేసింది.